పోశయ్యను పడేసిన తాటి మొద్దు

1983 జూన్ 11, శనివారం. తొలివాన వెలిసిన సాయంత్రం, గీత కార్మికుడు సారయ్య ఇంటి వెనుక గోడకు తగిలించిన లాంతరు చుట్టూ రాలిన కొమ్ము పురుగులు నూట పన్నెండు. లెక్కపెట్టింది ఆయన భార్య కట్టమ్మ. ఒక్కొక్కటి బొటనవేలంత లావు, నల్లటి గట్టి పెంకు, తలమీద వెనక్కి వంగిన చిన్న కొమ్ము. చాటలో వేస్తే గులకరాళ్ళు పోసినట్టు చప్పుడైంది.

"కోళ్ళకేత్తె రెండు తిని మొఖం తిప్పుకున్నయి," అంది కట్టమ్మ చాట కింద పెట్టి. "గింత పెంకు ఏ కోడికి అరుగుతది."

సారయ్య చాట వైపు చూడలేదు. మసక వెలుతురులో చెరువుకట్ట దిగువనున్న తాటివనం వైపు చూస్తున్నాడు. అందులో ఆయన గీసే చెట్లు ముప్పై ఎనిమిది. ఏడాది కిందట, ఇలాంటి తొలివాననాటికి, అవి యాభై రెండు. పద్నాలుగు చెట్లు ఈ పురుగు వల్లనే చచ్చిపోయాయి. మిగిలినవి దక్కుతాయా లేదా అన్నదే ఆ ఇంటి బతుకంతా. పురుగు ఎక్కడి నుంచి లేచిందో మాత్రం ఆ సాయంత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ ఊరు హసన్‌పర్తికి మూడు మైళ్ళు. గీత కుటుంబాల జీవనాన్ని నమోదు చేసే పనిమీద 1982 వేసవి నుంచి నేను అక్కడికి వెళ్ళి వస్తూ ఉన్నాను. ఇక్కడ రాస్తున్న వాటిలో కొన్ని నేను చూసినవి. మిగిలినవి సారయ్య, కట్టమ్మ, సారయ్య వదిన యాకమ్మ వేరువేరుగా చెప్పగా, ఒకరి మాటను మరొకరి మాటతో సరిచూసుకుని రాసినవి.

సారయ్యకు చెట్టెక్కడం నేర్పింది అన్న పోశయ్య. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో ఎనిమిదేళ్ళు పెద్దయిన అన్నే ఆయనకు తండ్రి. నడుముకు, చెట్టుకు కలిపి వేసే మోకు ఎంత వదులుగా ఉండాలో, గాలి వీచే రోజు ఏ పక్కనుంచి ఎక్కాలో, గెలను ఎంత పలచగా చెక్కితే కల్లు పట్టే కుండ, లొట్టి, నిండుతుందో, అన్నీ అన్న దగ్గర నేర్చినవే. పద్నాలుగో ఏట మొదటిసారి చెట్టు తల దాకా ఎక్కి, దిగడానికి భయపడి అక్కడే కూర్చుంటే, పోశయ్య కింద నిలబడి తిట్టలేదట. బీడీ ముట్టించుకుని, "పైనె ఉండు, గాలి సల్లగుంటది. ఆకలైనప్పుడు దిగు," అన్నాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు సారయ్య ప్రతిసారీ నవ్వేవాడు.

1975 మాఘమాసంలో, మంచు ఆరని ఉదయం, ఆ పోశయ్యే చెట్టు మీదినుంచి పడ్డాడు. మోకు తెగలేదు, కాలు జారింది. వరంగల్ దవాఖానకు ఎడ్లబండిలో తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. పిల్లలు లేరు గనుక చితికి నిప్పు పెట్టింది సారయ్య. యాకమ్మ పుట్టింటికి పోలేదు. మరిది ఇంట్లోనే ఉండి, తోటికోడలితో పాటు మండువలో, అంటే కల్లు అమ్మే చోట, తాగేవాళ్ళకు కల్లు పోస్తూ వచ్చింది.

ఆ ఊరి గీత కుటుంబాల్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషిని పడేసిన చెట్టును మళ్ళీ గీయరు. దాన్ని నరికి అమ్మరు. అది తనంతట తాను కూలితే మొద్దును ఆ ఇంటివాళ్ళు ఉంచుకోవచ్చు గాని, పొయ్యిలో పెట్టరాదు, మంటలో వేయరాదు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పారు. యాకమ్మ చెప్పింది మాత్రం సూటిగా ఉంది: "ఆయన పానం ఆ చెట్టు మీదనే పోయింది. మనిషిని ఒకపాలి కాలవెట్టినం. మల్ల కాలవెడుతమా?"

పోశయ్య చెట్టు ఏడేళ్ళు నిలబడింది. 1981లో దాని తల ఎండి, నిలువునే మాను లోపల కుళ్ళసాగింది. 1982 చైత్రంలో గాలిదుమారానికి కూలింది. సారయ్య దాన్ని మూడు ముక్కలు చేసి, ఆరుగురి సాయంతో ఇంటి వెనుకకు దొర్లించాడు. మొదటి ముక్క మీద పన్నెండేళ్ళపాటు పోశయ్య పాదాలు ఆని అరిగిన గుర్తులు ఉన్నాయి. యాకమ్మ మధ్యాహ్నాలు ఆ ముక్క మీద కూర్చుని లొట్లు కడిగేది.

ఆ ఏడు జూన్‌లోనే పురుగు మొదలైంది. తాటిచెట్ల కొత్త ఆకులు విచ్చుకునేసరికి, ఎవరో కత్తెర పట్టి కోసినట్టు అంచులు తెగి ఉండేవి. తర్వాత నడుమనున్న లేత మొవ్వు పసుపు తిరిగేది. పట్టి లాగితే ఊడి చేతికి వచ్చేది. దాని అడుగున చీము వంటి కుళ్ళు, భరించలేని కంపు. మామిడికో, వేపకో తల పోతే పక్కనుంచి కొత్త చిగురు వస్తుంది. తాటికి ఒకటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే.

వ్యవసాయ శాఖలో పనిచేసే కిషన్ రావు హనుమకొండ నుంచి సైకిల్ మీద వచ్చి చూశాడు. నిదానంగా మాట్లాడే మనిషి. ఊడివచ్చిన మొవ్వును ఎండలో పెట్టి, దానిలోని రంధ్రాన్ని పుల్లతో చూపించాడు.

"పురుగు దొలిసిన తొవ్వ ఇది, సారయ్యా. దీంట్లకెల్లి వాన నీళ్ళు దిగి కుళ్ళు పడుతది. పురుగు జేసేది పుండు. సంపేది కుళ్ళు."

"ఏడికెల్లి వత్తానయి సారూ ఇవి?"

కిషన్ రావు ఇంటి వెనుకకు నడిచి, మొద్దు బెరడును చాకుతో లేపాడు. లోపల పొట్టు పొట్టుగా మెత్తబడిన నారలో, చుట్ట చుట్టుకుని, వేలంత తెల్లటి పిల్లపురుగులు కదులుతున్నాయి.

"ఏడాది పొడుగూత ఈ మొద్దుల పెరుగుతయి. తొలివాన పడంగనె లేసి చెట్ల మీదికి పోతయి. దీన్ని కాలవెట్టు. వేరే మందు లేదు."

యాకమ్మ అప్పుడు మొద్దు మీదే కూర్చుని ఉంది. లేవలేదు. కడుగుతున్న లొట్టిని పక్కన పెట్టి, "సారు మంచిగనె చెప్తాండు. ఆయన ఇంట్ల మనిషి పోలేదు గదా," అంది. కిషన్ రావు చాకు మూసి జేబులో పెట్టుకున్నాడు. ఇసుకలో కలిపి మొవ్వు మొదట్లో పోయమని మందుపొడి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదంతా సారయ్య చేసిన పని నేను విడిగా రాసుకున్నాను. ప్రతి చెట్టూ ఉదయం కల్లుకు ఒకసారి, సాయంత్రం గెల చెక్కడానికి ఒకసారి ఎక్కేవాడు. దానికి తోడు, కొన వంచిన ఇనుప చువ్వ ఒకటి నడుముకు కట్టుకుని, మొవ్వులో రంధ్రం కనబడిన చోటల్లా గుచ్చి పురుగును బయటికి లాగి, ఆ రంధ్రంలో మందు కలిపిన ఇసుక కూరేవాడు. కొన్ని రోజులు పదకొండు పురుగులు దొరికేవి, కొన్ని రోజులు మూడు. అయినా పద్నాలుగు చెట్లు పోయాయి. మండువలో వాడుకగా తాగే తాపీమేస్త్రి ఒకడు లొట్టిలోకి తొంగి చూసి, "సారన్నా, జర వడగట్టి పొయ్యి. మొన్న నాకు కొమ్ము తగిలింది," అనేవాడు. అందరితో పాటు సారయ్యా నవ్వేవాడు. కట్టమ్మ నవ్వేది కాదు.

"ఊరంత నవ్వుతాంది," అంది ఆమె ఒకనాడు అన్నం పెడుతూ. "ఇంటెనక పురుగుల పుట్ట పెట్టుకుని చెట్లెక్కి పురుగులు తీత్తాండట సారయ్య."

"వదినె ముంగట గిట్ల అనకు."

"అక్క ముంగట అంటాననా నేను? నీ ముంగట అంటాన."

1983 మే నెలలో కిషన్ రావు మళ్ళీ వచ్చాడు. మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందే మొద్దును కాల్చకపోతే ఈసారి సారయ్య చెట్లే కాదు, వనంలోని ఆరువందల చెట్లకూ ముప్పు అన్నాడు. గీత కార్మికుల సంఘం పెద్ద వెంకట్రాజం కూడా వెంట ఉన్నాడు. పోశయ్యతో కలిసి చెట్లెక్కినవాడు గనుక ఆయన గట్టిగా మాట్లాడలేకపోయాడు.

"కాలవెట్టుమని నా నోటితోని అనలేను సారన్నా," అన్నాడు. "నువ్వే ఏదన్న ఒక తొవ్వ సూడు."

సారయ్య రెండు రోజులు ఆలోచించాడు. కాల్చడం కుదరదు. పురుగు మాత్రం లోపలే చావాలి. మనిషిని కాల్చనివాళ్ళు పూడ్చిపెడతారు గదా. మొద్దును పూడ్చిపెడితే కట్టుబాటు తప్పదు, మర్యాదకూ లోటు రాదు అనుకున్నాడు. వదినకు చెప్పాడు. యాకమ్మ లొట్టి కడగడం ఆపి, "పసుపు కుంకుమేసి పెట్టు," అంది.

ఆ నెలలో నేల రాయిలా ఉంది. మూడు ముక్కలకు సరిపడే గొయ్యి తవ్వడం ఇద్దరు ముగ్గురి వల్ల కాదు. ఇంటి వెనుక ఏళ్ళ తరబడి పేడ వేసిన ఎరువు గుంత ఒకటి ఉంది. అక్కడి నేల మెత్తన. పైగా, పేడ లోపల మగ్గి సెగ పుడుతుందని, చెయ్యి పెడితే కాలేటంత వేడి ఉంటుందని గీత పని, సేద్యం రెండూ తెలిసిన సారయ్యకు బాగా తెలుసు. ఆ వేడికి పిల్లపురుగు ఉడికిపోతుందని నమ్మాడు. మూడు ముక్కలనూ ఆ గుంతలో దించి, పసుపు కుంకుమ చల్లి, పేడతోనూ మట్టితోనూ కప్పాడు. యాకమ్మ దోసెడు మట్టి పోసి లోపలికి వెళ్ళింది. కిషన్ రావుకు కబురు పెట్టడం ఎవరికీ తోచలేదు. పెట్టి ఉంటే, మగ్గిన పాత పేడలో వేడి మిగలదని, కొమ్ము పురుగుకు తాటి మొద్దు ఎంత ఇష్టమో ఆ పేడ అంతకన్నా ఇష్టమని ఆయన చెప్పి ఉండేవాడు.

జూన్ 12 ఉదయం వచ్చి ఆయన ఆ మాటే చెప్పాడు. అంతకుముందు సాయంత్రపు పురుగులను చాటలో చూసి, గుంత దగ్గరికి వెళ్ళి, పైమట్టిని పారతో తీయించాడు. నేలంతా జల్లెడలా రంధ్రాలు పడి ఉంది. రెండడుగుల లోతున పేడనిండా తెల్లటి పురుగులు, ఇంకా లేవని నల్లటి పురుగులు. పేడలో ముందునుంచే పెరుగుతున్నవీ, మొద్దులోంచి వచ్చినవీ కలిసి, నిరుడు మొద్దులో ఉన్నవాటికి ఇవి నాలుగింతలు.

"అన్నం పెట్టి పెంచినట్టయింది సారయ్యా," అన్నాడు కిషన్ రావు. మందలింపుగా అనలేదు. అనకుండా ఉండలేక అన్నట్టుంది.

సారయ్య పార కింద పెట్టి గుంత ఒడ్డున కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎటూ చూడకుండా, "ఇప్పుడు కాలవెడితె?" అని అడిగాడు.

"లేసినయి లేసినయి. ఉన్నయన్న సత్తయి."

యాకమ్మ దొడ్డివాకిట్లో నిలబడి అంతా విన్నది. గుంత దగ్గరికి వచ్చి, ఒంగి లోపలికి చూసింది. పసుపు చల్లిన మొద్దు ముక్క మీద పురుగులు పాకుతున్నాయి. అరిగిన అడుగుల గుర్తులు ఉన్న చోట నార మొత్తం పొడి అయిపోయింది. ఆమె చీర కొంగును నడుముకు దోపుకుని కట్టమ్మను పిలిచింది.

"గాసునూనె సీస తే."

"వదినె, నేను పెడుత," అని సారయ్య లేచాడు.

"నువ్వు గూసో. మీ అన్నకు నీ సెయ్యి ఒక్కపాలి సాలు. ఇది నేను పెడుత."

ఆడమనిషి చితికి నిప్పు పెట్టడం ఆ ఊళ్ళో లేదు. కట్టమ్మ కిరసనాయిలు సీసా తెచ్చి ఇచ్చి, వెనక్కి జరిగి నిలబడింది. కిషన్ రావు టోపీ తీసి చేత పట్టుకున్నాడు. తడిసిన పేడ వెంటనే అంటుకోలేదు. యాకమ్మ ఎండు తాటాకులు తెచ్చి మూడుసార్లు ముట్టించింది. నాలుగోసారి పొగ లేచి, మెల్లగా మంట వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. లోపల పురుగులు చిటచిటమని పగిలే చప్పుడు వినబడుతున్నంతసేపు కదల్లేదు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సారయ్య రోజుకు ఎన్నిసార్లు చెట్టెక్కాడో సరిగా చెప్పలేను. వాన వెలిసినప్పుడల్లా ఎక్కేవాడు. తడి మాను మీద ఎక్కడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలియనిది కాదు. యాకమ్మ చెరువుకట్ట మీద నిలబడి, ఆయన దిగేదాకా ఇంటికి వెళ్ళేది కాదు. "నేను పడను వదినె, ఫికర్ జెయ్యకు," అని పైనుంచి కేకవేసేవాడు. జులైలో తొమ్మిది చెట్ల మొవ్వులు పసుపు తిరిగాయి. ఆగస్టులో పదహారు. సెప్టెంబరు రెండో వారానికి మరో ఆరు. కుళ్ళిన మొవ్వును లాగి చూసే పని కూడా ఆయన ఇంకొకరికి ఇవ్వలేదు. లాగి చూసి, ఊడివస్తే, దాన్ని కింద పడేయకుండా చంకలో పెట్టుకుని దిగేవాడు.

"గా కంపును మోసుకుంట దిగుడు ఎందుకయ్యా?" అని కట్టమ్మ అడిగితే, "పై నుంచి పడేత్తె నేల మీద పగులుతది. పక్క చెట్టుకు అంటుకుంటదేమో," అన్నాడు. అది నిజమో కాదో కిషన్ రావు కూడా తేల్చి చెప్పలేకపోయాడు.

ఈ నెలల్లో సారయ్య ఒక్కసారి కూడా వదినను తప్పుపట్టలేదు. యాకమ్మ మాత్రం తనను తాను విడిచిపెట్టలేదు. ఒక మధ్యాహ్నం మండువలో ఎవరూ లేనప్పుడు నాతో అంది: "సచ్చిన మనిషి కోసమని బతికిన మనిషి చెట్లు తిన్న, బిడ్డా. నీ కాయితంల అది గూడ రాసుకో."

ఇతరులు గీసే వంతుల్లోని చెట్లు కూడా పాడవుతుండడంతో సంఘం కూర్చుంది. జబ్బు పడ్డవాటిని వెంటనే నరికి, అక్కడికక్కడే కాల్చాలని నిర్ణయించారు. సెప్టెంబరు 18, 19 తేదీల్లో సారయ్య వంతులో ముప్పై ఒక్క చెట్లు నరికారు. కూలీలను పెట్టిస్తానని వెంకట్రాజం అన్నా సారయ్య వినలేదు. తలలు కోసే పని తనే చేశాడు, ఎందుకంటే కూలీలకు ఎక్కడం రాదు, తల కోయకుండా మాను పడితే కుళ్ళు చెదురుతుంది. మోకు వేసుకుని ఎక్కి, ఆకులన్నీ తెగ్గొట్టి, దిగి, పక్కకు నిలబడేవాడు. అప్పుడు గొడ్డళ్ళు పడేవి. మొదటిరోజు సాయంత్రానికి ఆయన అరచేతులు చీరుకుపోయి మోకు పట్టుకోలేకపోతే కట్టమ్మ గుడ్డపేలికలు చుట్టింది. రెండో రోజు మంటలు చెరువు అవతలి ఊరికి కూడా కనబడ్డాయట. మిగిలినవి ఏడు చెట్లు.

తర్వాతి వారం, ఆదివారం నాడు, సంఘం మళ్ళీ కూర్చుంది. పదికి తక్కువ చెట్లున్నవాడి పేరు సంఘం పట్టీలో ఉంచకూడదని వాళ్ళు ఎన్నడో తమలో తాము పెట్టుకున్న నియమం. సారయ్యకు సడలిద్దామని ఇద్దరు అన్నారు. సడలించమని ఆయన అడగలేదు. ఆ ఏడు చెట్లను పొరుగు వంతు గీసే రాజమల్లుకు కలిపారు. వెంకట్రాజం ఆ సంగతి చెప్పడానికి ఇంటికి వచ్చి, నీళ్ళు తాగి, చెప్పలేక వెళ్ళిపోబోతుంటే, "రాజమల్లును రేపు పొద్దున రమ్మను," అని సారయ్యే అన్నాడు.

సోమవారం ఉదయం సారయ్య ఆ యువకుడిని వెంటబెట్టుకుని ఏడు చెట్ల దగ్గరికీ నడిచాడు. "ఇది సగందాక మంచిగుంటది, అక్కడికెల్లి ఉత్తరం పక్క జారుతది. తూర్పు నుంచి ఎక్కు. దీనికి పొద్దుగాల ఎక్కువ దిగుతది, పొద్దుమూకి తక్కువ. దీన్ని లోతుగ చెక్కకు, అలుగుతది." రాజమల్లు తలవంచుకుని విన్నాడు. చివరి చెట్టు దగ్గర మోకు వేసుకుని ఎక్కబోతూ, "పెదనాయినా, ఒక్కపాలి నువ్వు ఎక్కి సూపియ్యరాదు?" అన్నాడు.

"నువ్వె ఎక్కు," అన్నాడు సారయ్య. "నేను కింద ఉంట."

అతడు ఎక్కి, గెల చెక్కి, లొట్టి దించుకుని దిగేదాకా సారయ్య చెట్టు మొదట్లోనే నిలబడి చూశాడు. లొట్టిలోని కల్లు ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపాడు. బుధవారం ఉదయం కాజీపేటకు వెళ్ళి, అక్కడ రైలెక్కి డోర్నకల్ వెళ్ళాడు. అక్కడ లైను పక్కన కంకర మోసే పనికి మనుషులను తీసుకుంటున్నారు. శనివారం కట్టమ్మ కొడవలి పట్టుకుని కలుపు కూలికి పోయింది. పోయడానికి కల్లు లేని మండువ వాకిలిని యాకమ్మ ఊడ్చి, తలుపు దగ్గరికి వేసి, ఇంట్లోకి వచ్చి పొయ్యి ముట్టించింది.